ఏడాదికి 5,000 ఫీజు కట్టి ట్రావెల్ కార్డు తీసుకోవాలా, మామూలు క్యాష్‌బ్యాక్ కార్డు సరిపోతుందా?

కృష్ణలంక_కుర్రాడు
పది రోజులుగా ఒక బ్యాంకు వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. ట్రావెల్ క్రెడిట్ కార్డట, ఏడాది ఫీజు 5,000. ఎయిర్‌పోర్టులో లాంజ్ (కూర్చుని తినే విశ్రాంతి గది) ఉచితం, చేరగానే 2,500 పాయింట్లు, ప్రతి వంద రూపాయల ఖర్చుకు 2 పాయింట్లు, విమానం టికెట్లు, హోటళ్ల మీదైతే వందకు 5 అంటున్నారు. ఆఫీసులో స్నేహితుడేమో "అవన్నీ నీకెందుకు, ఒక క్యాష్‌బ్యాక్ కార్డు తీసుకుని ఊరుకో" అంటున్నాడు.

ఇప్పటిదాకా నాకున్నది ఒకటే కార్డు, జీతం పడే బ్యాంకు ఇచ్చింది. దాని మీద పాయింట్లు ఎన్ని ఉన్నాయో ఎప్పుడూ చూడలేదు.

ఫిబ్రవరిలో అమ్మానాన్నలను కాశీ తీసుకెళ్దామని అనుకుంటున్నాను. అమ్మకు 64 ఏళ్లు, ఇంతవరకు విమానం ఎక్కలేదు. గన్నవరం దగ్గర బస్సులోంచి విమానం కనిపిస్తే ఇప్పటికీ తల తిప్పి చివరిదాకా చూస్తుంది. లాంజ్‌లో కూర్చోబెట్టి మంచి కాఫీ ఇప్పించి ఎక్కించాలని ఉంది. అందుకే ట్రావెల్ కార్డు వైపు మనసు లాగుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

సీమ_మిరప
నెలకు దేనికి ఎంత ఖర్చు పెడతారో రాయండి ముందు. అది లేకుండా ఎవరు చెప్పినా ఊహే.

మియాపూర్_మెట్రో
ట్రావెల్ కార్డే తీసుకో అన్నా. మొన్న ఒక వీడియో చూశాను, ఒకాయన పన్నులు మాత్రం కట్టి బిజినెస్ క్లాస్‌లో దుబాయ్ వెళ్లొచ్చాడు. మిగతాదంతా పాయింట్లే!

లెక్కలమాస్టారు
మియాపూర్ గారూ, ఆయన ఏడాదికి కార్డు మీద ఎంత ఖర్చు పెడతాడో ఆ వీడియోలో చెప్పాడా? ఆ అంకె తెలియకుండా ఆయన టికెట్‌తో మన టికెట్‌ను పోల్చలేం.

కృష్ణలంక గారూ, సీమ గారు అడిగింది సరైన ప్రశ్న. గుర్తున్నది కాకుండా బ్యాంకు స్టేట్‌మెంట్లు, యూపీఐ చరిత్ర తీసి చూసి రాయండి. గుర్తుండే ఖర్చు వేరు, అసలు ఖర్చు వేరు.

కృష్ణలంక_కుర్రాడు
రాత్రి కూర్చుని ఆరు నెలలవి తిరగేశాను. నెలకు సగటున ఇలా ఉంది.

ఆన్‌లైన్‌లో సరుకులు, బట్టలు, బాబు సామాను అన్నీ కలిపి 12,000. అందులో అమెజాన్ 5,000, మిగతాది పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లు. స్విగ్గీ, జొమాటో 4,000 (ఇంత అవుతోందని ఇప్పుడే తెలిసింది, మా ఆవిడకు చూపించలేదు ఇంకా). పెట్రోలు 3,000. కరెంటు, ఇంటర్నెట్, ఫోన్లు 4,500. పాలు, కూరగాయలు, వీధి చివర కిరాణా అన్నీ యూపీఐలోనే, 9,000. ఇంటి అద్దె 22,000, ఓనరు ఖాతాకు పంపాలి. బాబు స్కూలు ఫీజు ఏడాదికి 90,000, మూడు విడతలు. ఇన్సూరెన్స్ ఏడాదికి 42,000.

ప్రయాణాలంటే విజయవాడకు బస్సు, సంక్రాంతికి, దసరాకు. ఈసారి కాశీ. నేను, అమ్మ, నాన్న ముగ్గురికి హైదరాబాద్ నుంచి రానూపోనూ దాదాపు 30,000 చూపిస్తోంది.

బ్యాంకువదిన
తమ్ముడూ, నేను పదేళ్లు బ్యాంకులో కార్డుల విభాగంలో పనిచేశాను. నువ్వు రాసినవాటిలో కొన్ని ముందే కొట్టేయాలి.

అద్దె తీసెయ్. కార్డుతో అద్దె కడితే బ్యాంకులు అదనంగా దాదాపు ఒక శాతం తీసుకుంటాయి, పాయింట్లు ఇవ్వవు. ఇన్సూరెన్స్, స్కూలు ఫీజు, కరెంటు బిల్లు, పెట్రోలు, వాలెట్లో డబ్బు వేయడం, నగలు: క్యాష్‌బ్యాక్ కార్డుల్లో చాలావాటిలో ఈ ఖర్చులకు ఏమీ రాదు. ట్రావెల్ కార్డుల్లోనూ ఇంచుమించు అంతే. కార్డు అమ్మేవాడు ఈ జాబితా చదివి వినిపించడు. బ్యాంకు సైట్‌లో "ముఖ్యమైన నియమాలు" అనే పత్రం ఉంటుంది, ఏ కార్డుకైనా ముందు అది చదువు.

కృష్ణలంక_కుర్రాడు
అయితే సగానికి పైగా ఖర్చుకు ఏమీ రాదా వదినా?

బ్యాంకువదిన
రాదు. నీ నిజమైన కార్డు ఖర్చు నెలకు 16,000. ఆన్‌లైన్ కొనుగోళ్లు 12,000, తిండి యాప్‌లు 4,000. ఈ అంకె మీద కార్డు ఎంచుకో. జీతం అంకె చూసి ఎంచుకోకు.

లెక్కలమాస్టారు
వదిన గారు కొట్టేసిన తర్వాత మిగిలినదాని మీద లెక్క వేశాను.

నెలకు 16,000 అంటే ఏడాదికి 1,92,000. కాశీ టికెట్లు 30,000 కలిపితే 2,22,000.

ఆన్‌లైన్ ఖర్చుకు 5 శాతం ఇచ్చే క్యాష్‌బ్యాక్ కార్డు తీసుకున్నారనుకుందాం. 2,22,000 మీద 11,100 రూపాయలు. ఇలాంటి కార్డుకు ఫీజు 999, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి దాదాపు 1,179. ఏడాదిలో రెండు లక్షలు దాటితే మరుసటి ఏడాది ఫీజు మాఫీ చేసేవి ఉన్నాయి. కాశీ వెళ్లని ఏడాది 8,000 తక్కువ పడుతుంది, ఫీజు కట్టాల్సి వస్తుంది. అప్పుడు కూడా 9,600 లోంచి 1,179 పోతే 8,421 మిగులుతుంది. కాబట్టి మాఫీ కోసమని అక్కర్లేనిది కొనొద్దు.

ఇప్పుడు ట్రావెల్ కార్డు. 1,92,000 మీద వందకు 2 చొప్పున 3,840 పాయింట్లు. టికెట్లు 30,000 మీద వందకు 5 చొప్పున 1,500. మొత్తం 5,340. ఫీజు 5,000 అన్నారు గానీ జీఎస్టీతో 5,900. ఒక పాయింటు ఒక రూపాయి అనుకుంటే 560 రూపాయలు మీరే ఎదురు ఇచ్చినట్టు.

మియాపూర్_మెట్రో
చేరగానే ఇచ్చే 2,500 వదిలేశారు మాస్టారూ. పైగా పాయింట్లను విమాన సంస్థ మైళ్లుగా (వాళ్ల టికెట్లకు వాడుకునే పాయింట్లుగా) మార్చుకుంటే ఒక్కోటి రెండు రూపాయల దాకా పలుకుతుందని అంటారు.

లెక్కలమాస్టారు
సరైన మాటే, ఒప్పుకుంటాను. మొదటి ఏడాది 7,840 పాయింట్లు. రూపాయి చొప్పున అయితే ఫీజు పోను 1,940 లాభం. రెండు రూపాయల చొప్పున అయితే 9,780. అప్పుడు కూడా క్యాష్‌బ్యాక్ మొదటి ఏడాది ఫీజు పోను ఇచ్చే 9,921 కన్నా తక్కువే. రెండో ఏడాది ఆ 2,500 ఉండదు. పాయింటుకు రెండు రూపాయలు రావాలంటే సరైన రోజున, సరైన మార్గంలో సీటు దొరకాలి. క్యాష్‌బ్యాక్ అయితే అడగకుండానే బిల్లులో తగ్గుతుంది.

ఉప్పుచేప
మాస్టారూ, డిసెంబరులో నా పెళ్లి. ఆ ఖర్చు కూడా మీకే అప్పజెబుతాను.

లెక్కలమాస్టారు
శుభం. కల్యాణ మంటపం వాళ్లు కార్డుకు అదనంగా రెండు శాతం అడుగుతారా అని ముందు కనుక్కోండి. అడిగితే ఒక శాతం క్యాష్‌బ్యాక్ కోసం కార్డు గీకొద్దు.

విమానాల_వెంకన్న
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను రాస్తాను. ట్రావెల్ కార్డులు చెడ్డవేమీ కాదు.

నా ఉద్యోగం తిరిగేది. వారానికి రెండుసార్లు బెంగళూరు, నెలకోసారి ముంబై. టికెట్లు, హోటళ్లు నా కార్డుతో కడతాను, కంపెనీ పదిహేను రోజుల్లో తిరిగి ఇస్తుంది. నెలకు విమానాలు, హోటళ్ల మీదే లక్ష, మిగతావి 50,000. మీకు ఫోన్‌లో చెప్పినటువంటి కార్డే నాది. నెలకు 5,000, ఇంకో 1,000, మొత్తం 6,000 పాయింట్లు. ఏడాదికి 72,000. నాకు 5,900 ఫీజు పెద్ద లెక్క కాదు. ఈ పాయింట్లను సింగపూర్ ఎయిర్‌లైన్స్ మైళ్లుగా మార్చి, హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే వాళ్ల విమానంలో మా ఆవిడను, పాపను సింగపూర్ తీసుకెళ్లాను. డబ్బు పెట్టి అయితే ఆ సీట్లు నేను జన్మలో కొనేవాణ్ణి కాదు.

కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. పాయింట్లను దాచుకోవద్దు. 2023 సెప్టెంబరు 1 నుంచి యాక్సిస్ మాగ్నస్ కార్డు నిబంధనలు మారాయి. అప్పటిదాకా నెలకు లక్ష ఖర్చు పెడితే 25,000 పాయింట్లు అదనంగా ఇచ్చేవారు, అది తీసేశారు. 5 పాయింట్లకు 4 మైళ్లు వచ్చేది 5కు 2 అయింది. ఫీజు 10,000 నుంచి 12,500 అయింది. దాచుకున్నవాళ్ల పాయింట్ల విలువ సగమైంది. మైళ్లుగా మార్చాక కూడా గడువు ఉంటుంది, సింగపూర్ వాళ్లవి మూడేళ్లు. వచ్చినవి వచ్చినట్టు వాడుకునేవాళ్లకే ఈ ఆట.

ఏడాదికి ఒక్క విమాన ప్రయాణం చేసే కృష్ణలంక గారికి నా కార్డు నేను చెప్పను.

మియాపూర్_మెట్రో
వెంకన్న అన్న కూడా అలా అంటే ఇక నేను వాదించను. వీడియోలో ఆయన కూడా వ్యాపారం చేస్తాడని ఇప్పుడు మళ్లీ చూస్తే కనిపించింది.

సీమ_మిరప
పాయింట్ల మోజు నాకూ ఉండేది. మూడేళ్లు ఒక కార్డు వాడి 11,000 పాయింట్లు పోగేశాను. పదకొండు వేల రూపాయలు ఉన్నాయని మా అమ్మకు మిక్సీ కొందామనుకున్నాను. తీరా చూస్తే ఒక పాయింటు విలువ 25 పైసలు. మొత్తం 2,750. అది తీసుకోవడానికి 99 రూపాయల రుసుము, దానిపైన జీఎస్టీ. మిక్సీ సగం నా జీతంలోంచి పెట్టి కొన్నాను.

వందకు ఎన్ని పాయింట్లు అని అడిగితే చాలదు, ఒక పాయింటుకు ఎన్ని పైసలు అని అడగాలి. ఈ రెండో ప్రశ్నకు ఫోన్ చేసేవాళ్లు సూటిగా జవాబు చెప్పరు.

కృష్ణలంక_కుర్రాడు
సీమ గారూ, మీ పోస్టు చదివి నా పాత కార్డు యాప్ తెరిచి చూశాను. నాలుగేళ్లలో 6,200 పాయింట్లు, అందులో 2,900 గడువు దాటి పోయాయి. కడుపు తరుక్కుపోయింది.

మరి 5 శాతం ఇచ్చేవి ఏవి?

పాలకొల్లు_పిల్ల
ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు 2023 నుంచి వాడుతున్నా. ఆన్‌లైన్‌లో ఎక్కడ కొన్నా 5 శాతం, దుకాణంలో గీకితే 1 శాతం. ఫలానా సైట్‌లోనే కొనాలన్న షరతు లేదు, నాకు నచ్చింది అదే. స్టేట్‌మెంట్ వచ్చిన ఒకటి రెండు రోజుల్లో ఆ డబ్బు కార్డు ఖాతాలో పడుతుంది. పాయింట్లు మార్చుకోవడం, కూపన్లు లాంటివి ఏమీ లేవు.

2022లో మొదలుపెట్టినప్పుడు నెలకు 10,000 దాకా క్యాష్‌బ్యాక్ ఇచ్చేవారు, 2023 మేలో దాన్ని 5,000 చేశారు. మీకు నెలకు వచ్చేది 800 కాబట్టి ఇబ్బంది లేదు. రైలు టికెట్లు, స్కూలు ఫీజులు, నగలు అప్పుడే మినహాయింపుల్లోకి వెళ్లాయి. ఈఎంఐ పెట్టినా రాదు. క్యాష్‌బ్యాక్ కార్డు నియమాలూ మారతాయి, అందుకే దరఖాస్తు చేసే రోజున తాజా పత్రం చూసుకోండి.

సీమ_మిరప
అమెజాన్ పే ఐసీఐసీఐ కూడా చూడండి. జీవితాంతం ఫీజు లేదు. ప్రైమ్ సభ్యత్వం ఉంటే అమెజాన్‌లో 5 శాతం, లేకపోతే 3. బయట 1 శాతం.

లెక్కలమాస్టారు
ప్రైమ్ ఉందనుకుంటే కృష్ణలంక గారి ఖర్చుకు అది ఇలా వస్తుంది: అమెజాన్ 5,000 మీద 250, మిగతా 11,000 మీద 110. నెలకు 360, ఏడాదికి 4,320. ఫీజు లేదు కాబట్టి మొత్తం మిగులే. ఆయన 16,000 కూడా అమెజాన్‌లోనే పెడితే రెండింటి క్యాష్‌బ్యాక్ సమానమయ్యేది. ఖర్చు ఎక్కడ పడుతుందో దాన్ని బట్టి కార్డు మారిపోతుంది, చూశారా.

ఓరుగల్లు77
ఇంత చర్చ జరుగుతోంది, అసలు ప్రమాదం ఒక్కరూ రాయలేదు. నా కథ రాస్తాను.

2021లో నాకు 5 శాతం క్యాష్‌బ్యాక్ కార్డు ఉండేది. చెల్లె పెళ్లికి 60,000 గీకాను. 3,000 వెనక్కి వస్తాయని సంబరం. బిల్లు వచ్చింది, చేతిలో డబ్బు లేదు. కింద "మినిమమ్ డ్యూ 3,000" అని ఉంది. అది కట్టేస్తే సరిపోతుందని అనుకున్నా. ఎవరూ ఫోన్ చేయలేదు, నాకు టెన్షన్ లేదు.

మరుసటి బిల్లు చూసి తల తిరిగింది. నెలకు 3.75 శాతం వడ్డీ. మిగిలిన 57,000 మీదే వేస్తారనుకున్నాను, మొత్తం 60,000 మీద గీకిన రోజు నుంచి లెక్కకట్టారు. దాని మీద 18 శాతం జీఎస్టీ. 60,000కు నెల వడ్డీ 2,250, పన్ను 405, కలిపి 2,655. నాకొచ్చిన క్యాష్‌బ్యాక్ అంతా దాదాపు ఒక్క నెలలో పోయింది. పైగా బాకీ ఉన్నంతకాలం కొత్తగా ఏది కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుందని, 45 రోజుల గడువు ఉండదని అప్పుడు తెలిసింది. పదకొండు నెలలు పట్టింది బయటపడడానికి. చివరికి బాపు చిట్టీ ఎత్తి ఇచ్చాడు.

బిల్లు మొత్తం కట్టలేని నెల ఒక్కటి ఉంటుందనుకున్నా కార్డు తీసుకోకండి. నేను ఇప్పుడు ఆటోడెబిట్‌లో (బిల్లు ఖాతాలోంచి దానంతటదే కట్టుకునే ఏర్పాటు) "మొత్తం బాకీ" అని పెట్టుకున్నా. అందులో "మినిమమ్" అని కూడా ఒక ఎంపిక ఉంటుంది, చూసి పెట్టుకోండి.

బ్యాంకువదిన
ఓరుగల్లు గారు రాసింది అక్షరాలా నిజం. నెలకు 3.75 అంటే ఏడాదికి 45 శాతం. మేము కౌంటర్‌లో కూర్చుని ఈ మాట చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. బాపు చిట్టీ ఇచ్చి మంచి పని చేశారు. అలాంటప్పుడు బ్యాంకులో పర్సనల్ లోను తీసుకుని కార్డు బాకీ తీర్చినా వడ్డీ సగం కన్నా తగ్గుతుంది.

ఉప్పుచేప
ఆటోడెబిట్ ఇప్పుడే తెరిచి చూశాను. నాది "మినిమమ్" అనే ఉంది! మార్చాను. ఓరుగల్లన్నా, పెళ్లికి తప్పకుండా రావాలి నువ్వు.

మద్దిలపాలెం
కృష్ణలంక గారూ, మీరు లాంజ్ అన్నారు కాబట్టి నేను రాయాల్సిందే.

పోయిన ఏడాది మా అమ్మను, అత్తయ్యను షిర్డీ తీసుకెళ్లాను. నా కార్డుకు లాంజ్ ఉచితం, ఆ ఆశతోనే తీసుకున్నాను. రెండు గంటలు ముందే వెళ్లాం. వాళ్లిద్దరూ కొత్త చీరలు కట్టుకున్నారు. లాంజ్ గుమ్మం దగ్గర మిషన్‌లో కార్డు పెట్టి 2 రూపాయలు గీకి ఒక చీటీ ఇచ్చారు. ఒక్కటే. ఒక కార్డుకు ఒక మనిషి. మిగతా ఇద్దరికీ కావాలంటే మనిషికి వెయ్యి రూపాయల పైనే. అమ్మ ఆ ధర వినగానే అత్తయ్య చెయ్యి పట్టుకుని వెనక్కి నడిచింది. "నువ్వు వెళ్లి తినిరా, మేం ఇక్కడ కూర్చుంటాం" అంది. నేను ఎలా వెళ్తాను? గేటు దగ్గర కుర్చీల్లో కూర్చుని ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, గారెలు తిన్నాం. వాళ్లు బాగానే ఉన్నారు, విమానాలు చూస్తూ కబుర్లు చెప్పుకున్నారు. నాకే ఆ రోజంతా మనసు బాగోలేదు. ముందే కనుక్కుని ఉంటే డబ్బు సిద్ధం చేసుకుని, ధర వాళ్ల చెవిన పడకుండా తీసుకెళ్లేదాన్ని.

కృష్ణలంక_కుర్రాడు
మద్దిలపాలెం గారూ, మా అమ్మ కూడా అచ్చం అలాగే చేస్తుంది. ఇది మీరు రాయకపోతే నేను అదే గుమ్మం దగ్గర నిలబడేవాణ్ణి. ఫోన్ చేసినావిడ "ఫ్యామిలీతో వెళ్లొచ్చు సార్" అంది నాతో.

బ్యాంకువదిన
అతిథులను అనుమతించే కార్డులు ఉన్నాయి గానీ అవి చాలా ఖరీదైనవి. కొన్నింటికి యాడ్ ఆన్ కార్డు ఇస్తారు, అమ్మ పేరున తీసుకుంటే ఆ కార్డుకు లాంజ్ ఉందా లేదా అని విడిగా అడగాలి. ఇంకొకటి, ఇప్పుడు చాలా కార్డులు ముందటి త్రైమాసికంలో ఇంత ఖర్చు పెడితేనే లాంజ్ అంటున్నాయి. ఫిబ్రవరి ప్రయాణానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెట్టిన ఖర్చు చూస్తారు. కొత్త కార్డుతో ఆ షరతు కుదరకపోవచ్చు.

ఏడాదికి ఒక్కసారికైతే క్యాష్‌బ్యాక్ డబ్బుతో లాంజ్ కొనుక్కో తమ్ముడూ. ముగ్గురికీ కలిపినా ఆ 5,900 కన్నా తక్కువే అవుతుంది.

డాలస్_బావ
పక్క విషయం అనుకోకపోతే, అమెరికాలో ఉన్న మనవాళ్ల మాటలు విని ఇండియాలో కార్డులు ఎంచుకోకండి. ఇక్కడ ఆట వేరు. చేరినప్పుడు ఇచ్చే బోనస్సే పెద్దది. నాకున్న చేజ్ సఫైర్ ప్రిఫర్డ్‌కు ఏడాది ఫీజు 95 డాలర్లు. మొదటి మూడు నెలల్లో వాళ్లు చెప్పినంత ఖర్చు పెడితే వచ్చిన పాయింట్లను బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్ల ఏవియోస్ మైళ్లుగా మార్చి, అక్కడి నుంచి ఖతార్ ఖాతాలోకి పంపి, మా అమ్మను హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్ రప్పించాను. పన్నులు విడిగా కట్టాను. అలాంటి బోనస్ ఇండియా కార్డుల్లో మామూలు ఖర్చుకు దొరకదు. మా తమ్ముడు గుంటూరులో నా మాట విని ట్రావెల్ కార్డు తీసుకున్నాడు, రెండేళ్లు ఫీజు కట్టి మూసేశాడు. నాదే తప్పు సలహా.

కాజీపేట_జంక్షన్
అందరూ విమానాల మీదే పడ్డారు. రైల్లో తిరిగేవాళ్లం ఉన్నాం ఇక్కడ! నేను నెలకు రెండుసార్లు సికింద్రాబాద్ నుంచి విశాఖ, వందేభారత్ లేదా గోదావరి థర్డ్ ఏసీ. ఐఆర్‌సీటీసీ ఎస్‌బీఐ కార్డుకు ఫీజు 500, ఐఆర్‌సీటీసీలో కొనే ఏసీ, చైర్‌కార్ టికెట్ల మీద 10 శాతం దాకా పాయింట్లు, ఆ పాయింట్లతో మళ్లీ టికెట్లే కొనుక్కుంటా. టికెట్ కొనేటప్పుడు వేసే ఒక శాతం గేట్‌వే రుసుము కూడా మాఫీ. అరవై దాటినవాళ్లకు రైల్లో ఇచ్చే రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, కాబట్టి పెద్దవాళ్లతో తిరిగేవాళ్లకు ఈ పది శాతం పనికొస్తుంది.

కృష్ణలంక_కుర్రాడు
కాశీకి రైలు కూడా చూశాను కాజీపేట అన్నా, ఒకరోజు పైన పడుతుంది. నాన్నకు మోకాళ్లు. అందుకే విమానం.

యూపీఐలో పెట్టే 9,000 కూడా కార్డు మీదకి మార్చుకోవచ్చని విన్నాను, నిజమేనా?

పాలకొల్లు_పిల్ల
రూపే క్రెడిట్ కార్డు అయితే యూపీఐకి కలుపుకోవచ్చు, 2022 సెప్టెంబరు నుంచి వచ్చింది. వీసా, మాస్టర్ కార్డులు కలవవు. షాపు క్యూఆర్ అయి ఉండాలి. మనిషి పేరు మీద ఉన్న మామూలు క్యూఆర్‌కు క్రెడిట్ కార్డు పని చేయదు. చిన్న షాపుల్లో 2,000 లోపు కడితే షాపువాడికి రుసుము పడదు కాబట్టి వాళ్లు కూడా వద్దనరు. ఆ ఖర్చుకు పాయింట్లు ఇస్తుందా లేదా అన్నది కార్డును బట్టి ఉంటుంది.

ఉప్పుచేప
మా పాలాయన క్యూఆర్ ఆయన కొడుకు పేరు మీద ఉంది. మూడుసార్లు ప్రయత్నించాను, పోలేదు. ఆయన ఎదురుగా నిలబడి "ఏమైంది బాబూ, డబ్బులు లేవా" అని అడిగాడు. మళ్లీ పాత పద్ధతే.

మియాపూర్_మెట్రో
నాదీ ఒక ప్రశ్న. వెంకన్న అన్న సింగపూర్ అన్నాడు కదా. వచ్చే ఏడాది నేనూ వెళ్దామనుకుంటున్నా. అక్కడ ఏ కార్డు గీకాలి?

విమానాల_వెంకన్న
మామూలు కార్డు గీకితే 3.5 శాతం ఫారెక్స్ (విదేశీ మారకం) రుసుము, దాని మీద జీఎస్టీ, మొత్తం 4.13 శాతం. లక్ష ఖర్చు పెడితే 4,130 ఊరికే పోతాయి. మామూలుగా వచ్చే పాయింట్లు దాన్ని పూడ్చవు. ఆ రుసుము లేని కార్డులు ఉన్నాయి, ఫెడరల్ బ్యాంకు స్కాపియా ఒకటి, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే ఐడీఎఫ్‌సీ ఫస్ట్ వావ్ ఒకటి. వెళ్లే రెండు నెలల ముందు తీసుకో.

అక్కడ మిషన్ మీద "రూపాయల్లో కడతారా, సింగపూర్ డాలర్లలో కడతారా" అని అడుగుతుంది. డాలర్లే నొక్కు. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం.

కృష్ణలంక_కుర్రాడు
ట్రావెల్ కార్డు అమ్మే ఆవిడ ఇప్పుడే మళ్లీ ఫోన్ చేసింది. వద్దన్నాను. "సరే సార్, మీకు మాత్రం జీవితాంతం ఫ్రీ చేస్తాను, ఓటీపీ చెప్పండి" అంటోంది. ఇదేమిటి వదినా?

బ్యాంకువదిన
ఓటీపీ చెప్పకు! నిజంగా బ్యాంకు మనిషో కాదో కూడా తెలియదు. నిజమే అయినా "జీవితాంతం ఫ్రీ" అని రాతపూర్వకంగా మెయిల్ పంపమను. చాలాసార్లు అది "మొదటి ఏడాది ఫ్రీ" అయి తేలుతుంది.

నీ అనుమతి లేకుండా కార్డు ఇవ్వకూడదని, లిమిట్ పెంచకూడదని 2022 ఏప్రిల్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. బాకీ లేని కార్డు మూసేయమని అడిగితే 7 పనిదినాల్లో మూసేయాలి, లేకపోతే రోజుకు 500 చొప్పున నీకు కట్టాలి. డాలస్ గారి తమ్ముడిలాగా రెండేళ్లు ఫీజు కట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు ఎవరూ.

ఒకేసారి నాలుగు కార్డులకు దరఖాస్తు పెట్టకు. ప్రతి దరఖాస్తూ సిబిల్‌లో (మన అప్పుల చరిత్రలో) నమోదవుతుంది. ఇంటి లోను ఆలోచన ఉందంటే మరీ జాగ్రత్త.

కృష్ణలంక_కుర్రాడు
సరే, నిర్ణయం అయిపోయింది. 5 శాతం క్యాష్‌బ్యాక్ కార్డు ఒక్కటే. తాజా పత్రం తీసి చదివాను, ఆటోడెబిట్ "మొత్తం బాకీ". పాత కార్డు ఫీజు లేనిదే కాబట్టి పెట్రోలుకు ఉంచుతాను. మిగిలిన 3,300 పాయింట్లతో ఈ రాత్రే ఏదో ఒకటి తీసుకుంటాను, ఇంకా పోగొట్టుకోను.

కృష్ణలంక_కుర్రాడు
మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. కార్డు వచ్చింది. ముగ్గురికీ టికెట్లు 30,600 అయ్యాయి, నిన్న స్టేట్‌మెంట్ తర్వాత 1,530 వెనక్కి పడింది. నాన్నకు వీల్‌చైర్ అడిగాను, దానికి డబ్బు తీసుకోలేదు. అమ్మకు రెండువైపులా కిటికీ సీటు డబ్బు కట్టి తీసుకున్నాను. లాంజ్ ఇంకా అమ్మకు చెప్పలేదు. ధర ముందే కట్టేసి, "కార్డు మీద ఉచితం అమ్మా" అని చెబుతాను.

మద్దిలపాలెం
రెక్క మీద పడని కిటికీ చూశారా? పన్నెండో వరుస ప్రాంతంలో అయితే రెక్క అడ్డొచ్చి ఏమీ కనిపించదు.

కృష్ణలంక_కుర్రాడు
పన్నెండే తీసుకున్నాను! ఇప్పుడే మారుస్తున్నాను.